నాన్న ఎడమ చెప్పు

రూఢి అయినవి ముందు చెబుతాను. మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, తమిళనాడు ధర్మపురి జిల్లాలోని మా ఊరి హాకీ జట్టుకు గోల్‌కీపరు. మొరప్పూర్ రైలు స్టేషను పక్కనున్న మైదానంలో బొమ్మిడి జట్టుతో ఆడుతుండగా, ఆట రెండో సగంలో, అతని ఎడమకాలి ప్యాడు పట్టీ తెగింది. ప్యాడు పక్కకు తిరిగింది. బంతి మోకాలిచిప్పకు తగిలింది. ఆ కాలు ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా ముడుచుకోలేదు. ఇవి నేను కళ్ళారా చూసినవి. నాతోపాటు చూసినవాళ్ళు కూడా ఈ మాత్రం వరకు ఇదే చెబుతారు. సేలం ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రే ఫిల్మును చాలా ఏళ్ళ తరువాత నేనే వెలుతురుకు పట్టి చూశాను.

ఇక విన్నవి. మామ మోకాళ్ళకు ఏదో తైలం పూశారని, ఆ బలంతో అతడు ఆ ఏడాదంతా ఒక్క గోలూ పడనివ్వలేదని, ఎదుటి జట్టువాళ్ళు మంత్రగాణ్ణి పిలిపించి ఆ బలాన్ని లాగేశారని. మొదటిది సగం నిజం. తైలం పూసింది మోకాళ్ళకు కాదు, ప్యాడ్లకు. రెండోది పచ్చి అబద్ధం. మూడోదాన్ని అబద్ధమని పిలవడం కూడా దానికి మర్యాద ఇచ్చినట్టే.

ఈ రెండు కుప్పల్లో దేంట్లోనూ వేయలేక నేను పక్కన పెట్టుకున్నది ఒకటుంది. మా నాన్న ఎడమ చెప్పు. దాని సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మా మేనల్లుడు ఫోనులో ఒక వీడియో పంపాడు. ధర్మపురిలో కుర్రవాళ్ళెవరో హాకీ పోటీలు పెట్టి, ప్రారంభానికి మా మామను పిలిచారు. ముసలివాణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పంచె మోకాలి పైకి లాగి, వంకరగా అతుక్కున్న ఆ ఎముక మీద గంధం పూశారు. శాలువా కప్పారు. వెనక డప్పుల మోత. తెర మీద మెరుపులు కొడుతూ తమిళంలో ‘వజ్ర మోకాలు’ అన్న అక్షరాలు. మామ రెండు చేతులూ జోడించి, దేవుడి విగ్రహానికి జరగవలసిన మర్యాద తనకు జరుగుతున్నా ఏమాత్రం తొణక్కుండా నవ్వుతున్నాడు. ఫోను పక్కన పడేశాను. మళ్ళీ తీసి, ఏది నిజమో ఏది కాదో విడదీసుకుంటూ మొదటినుంచీ చూశాను. ఆహారంలో కల్తీని పరీక్షించే ప్రయోగశాలలో బతుకంతా గడిపినదానికి అంతకంటే ఏం చేతనవుతుంది?

మా చిన్నప్పుడు హాకీ గురించిన మాటలన్నీ చింతపండు మండీలో జరిగేవి. మండీ మా తాతకు అన్న వరస అయిన ఒక పెద్దాయనది. ఆయన్ని చిన్నా పెద్దా అందరూ ‘మండీ తాత’ అనే పిలిచేవారు. రేకుల కప్పు, మట్టి నేల, ఒకవైపు చింతపండు తట్టలు, ఇంకోవైపు వేరుశనగ బస్తాలు. లోపలికి అడుగు పెట్టగానే పులుపు ముక్కులోకి కాదు, సూటిగా దవడల్లోకి ఎక్కేది. కొత్త చింతకాయ వచ్చిన రోజుల్లో ఆడవాళ్ళు పెంకు కొట్టి, ఈనె తీసి, గింజ రాల్చేవారు. మేం పిల్లలం ఆ గింజలు దొంగిలించి పెనం మీద వేయించుకుని, పొట్టు ఊడగొట్టి, పళ్ళు విరిగేలా నమిలేవాళ్ళం. చింతపండులో ఉప్పు, మిరపకాయ, బెల్లం దంచి పుల్లకు గుచ్చుకుని చీకేవాళ్ళం. నాలుక పగిలి రాత్రి సంకటి ముద్దలోకి పులుసు తగిలితే మంట పుట్టేది. అయినా మర్నాడు మళ్ళీ అదే పని.

సాయంత్రమైతే జట్టు అభిమానులు చేరేవారు. వాళ్ళలో ముఖ్యుడు మా నాన్నకు తమ్ముడి వరస అయిన కండక్టర్ చిన్నాయన. మొరప్పూర్ బస్సులో కండక్టరు. బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే మండీకి వచ్చేవాడు. వాళ్ళకు రెండే లోకాలు. ఒకటి ఎప్పుడూ ఓడిపోయే మా జట్టు. రెండోది మండీ తాత చదివే మాయకథలు.

మా ఇళ్ళలో తెలుగు మాట్లాడడమే గానీ చదవడం లేదు. బడి తమిళం, సంత తమిళం, బస్సు బోర్డు తమిళం. తెలుగు అక్షరం వచ్చినవాడు ఆ గుంపులో మండీ తాత ఒక్కడే. కుప్పం నుంచి వచ్చిన బంధువులెవరో వదిలిపోయిన కథల పుస్తకాలు ఆయన దగ్గర కొన్ని ఉండేవి. మాంత్రికులు, ఎగిరే మంచాలు, రాయిగా మారిన రాకుమార్తెలు. పొగాకు నములుతూ, వేలు నోట్లో తడుపుకుని పేజీ తిప్పేవాడు. ఆ వేలికి అంతకుముందే చింతపండు జిగురు. పేజీల మూలలు గోధుమరంగు తిరిగి ఒకదానికొకటి అంటుకుపోయేవి. వాటి మీద చీమలు పాకేవి. వాటిని ఊది, చదివేవాడు. ఇప్పటికీ పాత పుస్తకం వాసన చూసి మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఆ ఉమ్మి గుర్తుకొస్తుంది.

కానీ ఆయన గొంతు గొప్పది. ఆ మాట ఒప్పుకోకపోతే అది కూడా ఒక అబద్ధమే. మాంత్రికుడు మాట్లాడితే రేకుల మీద ఉడతలు కూడా ఆగేవని చిన్నాయన అనేవాడు. అది నేను పరీక్షించలేదు. కానీ నేను మాత్రం ఆగేదాన్ని.

ఆటనూ కథనూ వాళ్ళు కలిపేసిన తీరే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

“మన ఫార్వర్డు సంగతి చూస్తివా?” అని చిన్నాయన మొదలుపెట్టేవాడు. “పందు దగ్గరకొస్తే కొత్త పెండ్లికొడుకు అత్తగారిని చూసినట్ల తల వంచుకొని పక్కకు పోతాడు.” పందు అంటే బంతి. తమిళం మా మాటల్లో అట్లా కలిసిపోయి ఉండేది.

“వానిదేమీ తప్పులేదురా,” అనేవాడు మండీ తాత. “మన జట్టు ఇప్పుడు రాజకుమారుడు పాడుబావిలో పడిన అధ్యాయంలో ఉండాది. బావిలో ఉండేవాడు పందు యాడ కొడతాడు?”

“బావిలో పడి ఎన్నేండ్లాయె సామీ. నీళ్ళు తాగి తాగి కడుపు ఉబ్బింటాది.”

“తరవాతి అధ్యాయంలో పైకొస్తాడు.”

“నువ్వు చూసినావా తాతా?” అని అడిగేదాన్ని నేను.

అందరూ నవ్వేవారు. ఎవరు ఏం చెప్పినా నేను అడిగే ప్రశ్న అదే కావడంతో నాకు ‘చూసినావా’ అనే పేరు పడిపోయింది. “ఏమే చూసినావా, గింజలు ఏరుకొని పో,” అని నా దోసిట్లో చింతగింజలు పోసేవాడు తాత. పుస్తకంలో తరువాతి పేజీ ఉందని ఆయనకు తెలుసు, ఎందుకంటే అది ఆయన వేలికింద ఉంది. ఆటలో తరువాతి పేజీ ఎవరి వేలికింద ఉంది? అప్పుడు ఈ ప్రశ్నను ఇంత సరిగా అడగలేకపోయాను. కానీ అక్కడేదో తప్పు ఉందని నా దవడలకు తెలిసేది, పులుపు తెలిసినట్టే.

ఆ ఎండాకాలం ఒక వార్త వచ్చింది. బొమ్మిడి జట్టుతో మొరప్పూర్‌లో జరిగే ఆట చూడడానికి రైల్వే నుంచి ఇద్దరు వస్తున్నారు. ఆట బాగా ఆడేవాళ్ళకు ఉద్యోగం ఇస్తారు. మా జట్టులో పనికివచ్చే ఆటగాడు ఒక్కడే, అది మామ. ఎన్ని గోల్సు పడినా, పడకుండా ఆగిపోయినవన్నీ అతను ఆపినవే. ఇంట్లో అమ్మ ఆ వారమంతా ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు, ఆశ ఎక్కడ చెదిరిపోతుందోనన్నట్టు. మామ రోజూ పొద్దున్నే గోడకేసి బంతి కొట్టి, తిరిగి వచ్చేదాన్ని కాలితో ఆపుకునేవాడు. అతని ప్యాడ్లు పాతవి. పట్టీల తోలు ఎండి చిట్లింది. అమ్మ ఎద్దుబండి సామాను అమ్మేచోట కొత్త తోలు పట్టీలు కోయించి తెచ్చింది.

అదే రోజుల్లో మండీ తాత చదువుతున్న కథలో, రాజకుమారుడు రాళ్ళవాన కురిసే కనుమ దాటాలి. ఒక ముసలమ్మ అతని కవచానికి తైలం పూస్తుంది. కవచం వజ్రమైపోతుంది. రాళ్ళు తగిలి పొడి అవుతాయి. ఆ సాయంత్రం వింటూ చింతగింజలు రాలుస్తున్న చిన్నాయన చెయ్యి ఆపాడు.

“ఇది మనకే చెప్పినట్ల ఉండాది,” అన్నాడు.

తైలం ఎట్లా చేయాలో కథలో లేదు. ఆ లోటు చిన్నాయన తీర్చాడు. కడత్తూరు సంతలో వేర్లు అమ్మేవాడు తన బస్సు ఎక్కితే అతన్ని అడిగానన్నాడు. అడిగాడో లేదో నాకు తెలియదు. తెచ్చింది మాత్రం చూశాను: మేక కొవ్వు, ఆముదం, ఏదో నల్లటి వేరు పొడి, చిక్కబడడానికి రాగి పిండి. మండీ వెనకాల ఇనుప బాండలిలో కాచారు. ఆ కంపు చింతపండు పులుపులో కలిసి గొంతులో గడ్డకట్టినట్టు నిలిచేది. నేను అక్కడే రెండుసార్లు వాంతి చేసుకున్నాను. “మందు శక్తి అట్ల ఉండాది,” అని తాత తృప్తిగా తల ఊపాడు. ప్యాడ్లకు దట్టంగా పట్టించి, మంచి గాలి తగలాలని మండీలో దూలానికి వేలాడదీశారు. కింద వేరుశనగ బస్తాలు. ఆ బస్తాల మధ్య ఏముంటాయో మండీలో పుట్టి పెరిగిన వాళ్ళకు ఒకరు చెప్పాలా?

అమ్మ కొత్త పట్టీలు తీసుకుని మండీ గుమ్మం దాకా వచ్చింది. మగవాళ్ళు కూర్చున్నచోటికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు.

“తైలం పట్టినాక సూది పెట్టగూడదు వదినా,” అన్నాడు చిన్నాయన. “కుట్టితే మందు కట్టు తెగిపోతాది.”

“పట్టీ తెగితే?”

“తైలం ఉండాదే.”

“నా తమ్మునికి పని రావాల,” అంది అమ్మ. “మీకు కథ గావాల.”

అక్కడే ఉన్న మామ, “ఉండనీక్కా, పెద్దోళ్ళు చూసుకుంటారు,” అన్నాడు. అమ్మ ఆ పట్టీలను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. అవి మా ఇంటి అటక మీద చాలా ఏళ్ళు ఉన్నాయి, ఒక్క కుట్టూ పడకుండా.

ఇక ఆ ఎడమ చెప్పు సంగతి. నేను బాండలి అడుగున మిగిలిన తైలాన్ని ఆకులో తీసుకుని, నాన్న తోలు చెప్పుల జత ఎత్తుకొచ్చి, ఎడమదానికి పూసి, కుడిదానికి పూయకుండా, రెంటినీ బస్తాల వెనక పక్కపక్కనే పెట్టాను. ఇట్లా చేయాలని నాకెవరూ నేర్పలేదు. ‘చూసినావా’ అని ఇతరులను అడిగి అడిగి విసిగి, నేనే చూద్దామనుకున్నాను. తెల్లవారి చూస్తే కుడి చెప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎడమ చెప్పుకు బొటనవేలి పట్టీ లేదు. అంచు పొడవునా రంపం కోసినట్టు సన్నటి పళ్ళ గుర్తులు.

రెండూ పట్టుకెళ్ళి మండీలో వాళ్ళ ముందు పెట్టాను. చిన్నాయన, తాత, మామ ముగ్గురూ ఉన్నారు.

“తైలం పూస్తే ఎలుకలు తింటాయి,” అన్నాను. “ప్యాడ్లు దించండి.”

“చెప్పుకు పూసినావా పాపిష్టిదానా,” అన్నాడు చిన్నాయన. “చెప్పు మైల. దానికి మందు యాడ పనిచేస్తాది?”

మండీ తాత కుడి చెప్పు చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది చూడురా, ఒక్క గాటు లేదు. పూయకుండానే. పక్కన ఉండే తైలం గాలి తగిలినందుకే ఇంత బలమొచ్చింది.”

నా వృత్తిలో తరువాత ఎన్నో దొంగ లెక్కలు చూశాను. తప్పు ఫలితాన్ని ఒప్పుగా చూపే నేర్పరులతో వాదించాను. కానీ తినేసిన చెప్పునూ తినని చెప్పునూ రెంటినీ ఒకే నమ్మకానికి సాక్ష్యంగా మలచిన ఆ మాటకు సాటివచ్చేది మళ్ళీ వినలేదు. ఆ క్షణాన ఆయన మీద నాకు కలిగినది కోపం కాదు. అన్నంలో పురుగు కనిపించినప్పుడు కలిగేదే.

మామ ఎడమ చెప్పు తీసుకుని, కొరికిన అంచు వెంబడి బొటనవేలు నడిపించాడు. దూలానికి వేలాడుతున్న ప్యాడ్ల వైపు తలెత్తి చూశాడు. చెప్పును మెల్లగా కింద పెట్టి, స్టిక్కు తీసుకుని సాధనకు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నాన్న కాళ్ళకు చెప్పుల్లేకుండా అంగడికి పోతే, అమ్మ చేత నాలుగు దెబ్బలు తిన్నాను.

ఆట రోజు పొద్దున ప్యాడ్లు దించారు. ఎడమ ప్యాడు మోకాలి పట్టీ బకిలు దగ్గర సగం పోయింది. మిగిలిన తైలం దాని మీద రుద్ది కప్పేశాడు చిన్నాయన. మామ చూస్తూనే ఉన్నాడు. కట్టుకున్నాడు.

మొరప్పూర్ ఎండకు కొవ్వు కరిగి, ప్యాడ్ల మీద ఎర్రమన్ను ముద్దలుగా పట్టింది. ఈగలు ముసిరాయి. రైల్వే నుంచి వచ్చిన ఇద్దరు షెడ్డు నీడలో బెంచీ మీద కూర్చున్నారు. మొదటి సగంలో మామ ఆడిన ఆట లాంటిది నేను ఆ తరువాత ఏ మైదానంలోనూ చూడలేదు. దూకాడు, పడ్డాడు, లేచాడు. వచ్చిన ప్రతిదాన్నీ ఆపాడు. బెంచీ మీది ఇద్దరిలో ఒకాయన ముందుకు వంగి కూర్చోవడం నాకు గుర్తు. “తైలం చూడండప్పా తైలం,” అని చిన్నాయన గుంపంతా తిరిగి చెబుతున్నాడు. అప్పటిదాకా ఎన్నేళ్ళుగానో ఆడుతున్న మనిషి ఆ మధ్యాహ్నం ఎవరికీ కనబడలేదు. కొవ్వు కనబడింది.

రెండో సగంలో బొమ్మిడి వాళ్ళకు పెనాల్టీ కార్నరు వచ్చింది. మామ ముందుకు ఉరకడం చూశాను. పట్టీ తెగడం, ప్యాడు కాలి చుట్టూ తిరిగి పిక్క వైపుకు పోవడం చూశాను. తరువాత వచ్చిన చప్పుడు నాకు బాగా తెలిసినదే. మండీలో రోజూ వినేది, పెంకు కొట్టినప్పుడు. మామ రెండు చేతులతో మోకాలు పట్టుకుని, ఆశ్చర్యంగా దానివైపే చూస్తూ కూర్చుండిపోయాడు. రైల్వే వాళ్ళు కాసేపు నిలబడి చూసి, గొడుగు తీసుకుని స్టేషను వైపు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మామను సేలం ఆస్పత్రిలో చేర్చారు. అమ్మ తోడు వెళ్ళింది. మర్నాటి సాయంత్రం నేను మండీకి వెళితే పుస్తకం తెరిచే ఉంది.

“ఎలుకలు సుమ్మా రాలేదు,” అంటున్నాడు చిన్నాయన. సుమ్మా అంటే ఊరికే అని. “మన తైలానికి భయపడి వాళ్ళే మంత్రించి పంపినారు.”

“పనిచేయని మందుకు ఎవడైనా భయపడతాడా?” అన్నాడు తాత. “అదే రుజువు.”

“ఎలుకను పంపింది నువ్వు చూసినావా?” అని అడిగాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. “పాపను ఇంటికి పంపండప్పా,” అన్నాడు చిన్నాయన, నన్ను చూడకుండా. తాత వేలు నోట్లో తడుపుకుని పేజీ తిప్పాడు. నేను గుమ్మం దాటుతుండగా ఆయన గొంతు అందుకుంది, ఎప్పటిలాగే చక్కగా. ఆ ఒక్కరోజు వినకుండా నడిచాను.

కథల మీద నాకు అసహ్యం లేదు. తరువాత తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అవి చదువుకోవడానికే. ఎగిరే మంచం ఎగరదని తెలిసినవాళ్ళకే అది ఎగిరితే సంతోషం. ఆ తెలివి లేకుండా చదివేవాడు కథనూ పాడుచేస్తాడు, పక్కనున్నవాడి కాలినీ పాడుచేస్తాడు.

మామ తరువాత సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి పెట్టుకున్నాడు. తాత పోయాడు, చిన్నాయన పోయాడు. మండీ ఉన్నచోట కల్యాణ మండపం కట్టారు. మొన్న వీడియో చూశాక మామకు ఫోను చేశాను.

“ఏమి మామా, మోకాలు వజ్రమైపోయిందంట?”

“చూసినావా పాపా?” అని నవ్వాడు. “వానకాలమొస్తే ఆ వజ్రం నన్ను నిద్రపోనీదు.”

“ఆ పిల్లలకు నిజం చెప్పి ఉండచ్చు గదా. పట్టీ మార్చుకోండిరా అని.”

“చెప్తే ఎవరు వింటారు? పట్టీ కథకు డప్పు కొడతారా?” అన్నాడు మామ. “వాళ్ళు నాకు శాలువా కప్పినారు. నువ్వు ఇన్నేండ్లలో ఏమి కప్పినావు?”

నా దగ్గర ఉన్న ప్రశ్నే అడిగాను. “ఎలుకలు కొరికిన చెప్పు నీ చేతికిస్తిని. చూసినావు. చూసి కూడా ఆ ప్యాడ్లు ఎందుకు కట్టుకొంటివి?”

ఇదే ప్రశ్న ఇదివరకు కూడా అడిగాను. ఆస్పత్రి మంచం మీద, పెద్దోళ్ళ మాట తీసేయలేకపోయినానన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, ఆ పొద్దు నిజంగానే నమ్మినాను పాపా అన్నాడు. ఈసారి అవతల ఎవరో పిల్లలు ‘తాతా’ అని పిలుస్తున్నారు.

“చెప్పా?” అన్నాడు. “ఏ చెప్పు?”

మరిచాడో, మరిచినట్టు మాట్లాడాడో గొంతును బట్టి తేల్చలేను. ఆ పొద్దు మండీలో ఉన్న మిగతా ఇద్దరూ లేరు. ఎడమ చెప్పును అమ్మ అప్పుడే పారేసింది. మామ ఎందుకు కట్టుకున్నాడన్నది అందుకే తేలకుండా మిగిలిపోయింది. అతను ఆ చెప్పును చూశాడన్నదే తేలనప్పుడు, ఎందుకన్నది ఎట్లా తేలుతుంది? ఒక్క సాక్షి మాత్రమే ఉన్న సంగతిని నేను ఎన్నడూ రూఢి అయినవాటిలో చేర్చలేదు. ఆ సాక్షి నేనైనంత మాత్రాన ఇప్పుడు చేర్చను. కానీ ఆ అంచు వెంబడి నడిచిన అతని బొటనవేలు ఇప్పటికీ నా కళ్ళముందు కదులుతూనే ఉంది.